33 మీటర్ల ఎత్తులో వేలాడిన మనిషి: ఒక టవర్ రెస్క్యూ కేస్ స్టడీ

సెల్ టవర్లు ఎక్కే రిగ్గర్లు, వాళ్ళని ఎక్కించే సూపర్‌వైజర్లు చదవాలని ఈ కేసు రాస్తున్నాను. ఇందులో పడిన కుర్రాడు బతికాడు, మళ్ళీ పనిలోకి వచ్చాడు. అతని హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీల బెల్టు) మంచిది కాబట్టి బతికాడని చాలామంది అనుకున్నారు. అది సగం మాటే. హార్నెస్ మనిషిని గాలిలో ఆపుతుంది, అంతవరకే. అక్కడి నుంచి నేలకు దించడం వేరే పని. దానికి వేరే సామాను కావాలి, వేరే మనిషి కావాలి, ముందే వేసుకున్న ప్లాన్ కావాలి. ఈ మూడూ ఆ రోజు టవర్ మీదే ఉన్నాయి.

సైటు, పని

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు కూకటివేళ్ళతో లేచిపోయాయి. మేం తిరిగిన సైట్లలో టవర్లు నిలబడే ఉన్నాయి గానీ, వాటి మీది మైక్రోవేవ్ డిష్‌లు గాలికి పక్కకి తిరిగిపోయాయి. డిష్ తిరిగితే పక్క టవర్‌తో లింకు బలహీనపడుతుంది. దాని మీద ఆధారపడిన ఊళ్ళలో ఫోన్ మోగుతుంది, మాట వినపడదు.

ఇది తుఫాను తర్వాతి నెలలో జరిగింది. సముద్రానికి దగ్గరగా, పొలాల మధ్య, నాలుగు కాళ్ళ యాంగ్లర్ టవర్, అంటే ఇనుప కోణపు కడ్డీలతో కట్టినది. ఎత్తు 40 మీటర్లు. 36 మీటర్ల దగ్గర 60 సెంటీమీటర్ల డిష్ ఉంది. 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో టవర్‌కి దాన్ని మళ్ళీ గురిపెట్టాలి. ఆ దూరంలో డిష్ ఒక్క డిగ్రీ తిరిగితే, అవతల కిరణం మధ్యభాగం దాదాపు 245 మీటర్లు పక్కకి పోతుంది. డిజైన్ ప్రకారం సిగ్నల్ మైనస్ 38 డీబీఎం రావాలి (ఇది సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం). మేం వెళ్ళేటప్పటికి మైనస్ 60 కన్నా కిందికి పడిపోయింది.

టీమ్‌లో నలుగురం. పైన ఇద్దరు రిగ్గర్లు. ఒకాయన ఈ పనిలో తల నెరిసినవాడు, రెండోవాడు ఇరవై నాలుగేళ్ళ ఉద్దానం కుర్రాడు. కింద నేను, షెల్టర్ (టవర్ యంత్రాలుండే గది) దగ్గర టెక్నీషియన్. పొద్దున్నే మొదలుపెట్టాం, ఎందుకంటే ఎండ ముదిరాక సముద్రం గాలి లేస్తుంది. నేల మీద చొక్కా ఊపే గాలి 36 మీటర్ల దగ్గర డిష్‌ని చేతిలోంచి లాగేసుకుంటుంది.

ఎక్కకముందు చేసినవి కొన్ని చెబుతాను, తర్వాత వీటిలో ప్రతిదీ పనికొచ్చింది. యాంటెన్నాల ముందు నుంచి వెళ్ళాలి కాబట్టి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి సెక్టార్లు లాక్ చేయించాం, అంటే ఆ యాంటెన్నాల ప్రసారం ఆపించాం. మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితిని 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. అయితే ఆ లెక్క జనం తిరిగే చోట్లకి. వెలుగుతున్న యాంటెన్నాకి చేతి దూరంలో నిలబడే రిగ్గర్‌కి అది ధీమా ఇవ్వదు. అతనికి లాక్ ఒక్కటే రక్ష.

సెక్టార్లు లాక్ చేస్తే ఆ టవర్ కింద మన ఫోనే పనిచేయదు. ఇది చాలామంది మర్చిపోతారు. అందుకే లాక్ అయ్యాక మా నలుగురి సిమ్‌లు చూసుకున్నాం. వేరే కంపెనీ సిమ్ ఒక్కదానికే, అదీ గేటు బయట గట్టు మీద నిలబడితేనే సిగ్నల్ దొరికింది. ఆ ఫోన్ టెక్నీషియన్ దగ్గర ఉంచాం. 108కి సైట్ ఐడీ చెబితే వాళ్ళకి అర్థం కాదు కాబట్టి, ఊరి పేరు, మెయిన్ రోడ్డు మీద నుంచి ఎక్కడ తిరగాలో ఒక కాగితం మీద రాసి ఆ ఫోన్‌తోనే ఇచ్చాం. పైవాళ్ళతో మాటలకి వాకీటాకీలు.

ఇక రెస్క్యూ కిట్. పెద్ద రిగ్గర్ పైకి వెళ్ళగానే పుల్లీ కట్టి మొదట లాగింది స్పానర్ల సంచి కాదు, ఈ కిట్ బ్యాగే. 37 మీటర్ల దగ్గర తగిలించాడు. అందులో 60 మీటర్ల తాడు, తాడుని నెమ్మదిగా వదులుతూ, చెయ్యి తీసేస్తే దానంతటదే పట్టేసే డిసెండర్, చిన్న లాగుడు పుల్లీల సెట్టు, స్లింగ్‌లు (టవర్‌కి చుట్టి కట్టే గట్టి పట్టీలు), దూరంగా ఉన్న మనిషి హార్నెస్ రింగుకి హుక్ తగిలించడానికి సాగే కర్ర ఉంటాయి.

ఏం జరిగింది

తొమ్మిదిన్నర అయ్యేసరికి గురి కుదిరింది. డిష్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే మీటర్ మీద అంకె మైనస్ 50, 45, తర్వాత ఒక్కసారిగా 39కి వచ్చింది. ఆ క్షణంలో పైన ఉన్నవాడికి కలిగే ఆనందం కింద ఉన్నవాళ్ళకి అర్థం కాదు. పడమర మహేంద్రగిరి, తూర్పున సముద్రం, కాళ్ళ కింద పడిపోయిన తోటలు, చేతుల్లో ఆ ఊళ్ళ మాట తిరిగి వస్తోంది. కుర్రాడు వాకీటాకీలో అరిచాడు. నాకూ ఒళ్ళు పులకరించింది.

బోల్టులు బిగించాక కేబుల్‌కి టైలు వెయ్యడమే మిగిలింది. దానికి డిష్ ఉన్న టవర్ కాలు దగ్గర నుంచి పక్క కాలు దగ్గరికి వెళ్ళాలి. సరైన దారిలో బ్రేసింగ్ (టవర్ కాళ్ళని కలిపే అడ్డ కడ్డీలు) పట్టుకుని లోపలి వైపు నుంచి పోవాలి, నాలుగుసార్లు హుక్ మార్చాలి. డిష్ ఊగకుండా పక్కనుంచి పట్టే సపోర్ట్ రాడ్ మీద అడుగేస్తే ఒక్క అంగ. కుర్రాడు అడుగేశాడు. తుఫానుకి ఆ రాడ్‌ని బిగించి ఉంచే క్లాంప్‌లో ఒక నట్టు ఊడిపోయి ఉంది, రెండోది వదులుగా ఉంది. బరువు పడగానే క్లాంప్ జారింది.

హార్నెస్‌ని టవర్‌కి కలిపే పొట్టి తాడుని ల్యాన్యార్డ్ అంటాం. అతని ల్యాన్యార్డ్ రెండు హుక్కుల్లో ఒకటి ఛాతీ ఎత్తులో బ్రేసింగ్‌కి తగిలించి ఉంది. 1.8 మీటర్లు ఖాళీగా పడ్డాడు. అంటే తాడు బిగిసే సమయానికి గంటకి 21 కిలోమీటర్ల వేగం. పడే దెబ్బని మింగడానికి దానికి ఉండే షాక్ అబ్జార్బర్ కుట్లు చింపుకుంటూ ఇంకో అర మీటర్‌కి పైగా సాగింది. బట్ట చిరిగినట్టు శబ్దం కింద ఉన్న మాకు కూడా వినబడింది. దారిలో కుడి భుజం బ్రేసింగ్‌కి తగిలింది. వీపు మీది రింగుకి వేలాడుతూ, ముఖం సముద్రం వైపు, తల వంచుకుని, టవర్‌కి చెయ్యి అందనంత దూరంలో ఆగాడు.

రెస్క్యూ

పెద్ద రిగ్గర్ మొదట చేసింది మాట్లాడటం. "ఒరేయ్ తమ్ముడూ, ఏటయ్యిందిరా? ఊపిరి ఆడుతుందా?" 

కాసేపటికి జవాబు వచ్చింది. "భుజం లేవట్లేదన్నా."

మనిషి స్పృహలో ఉన్నాడు, రక్తం కారడం లేదు, కుడి చెయ్యి పనిచేయదు. అంటే తనంతట తాను పైకి రాలేడు. నేను కింద నుంచి పని ఆపెయ్యమని, రెస్క్యూ మొదలు పెట్టమని వాకీటాకీలో చెప్పాను. టెక్నీషియన్ కాగితం పట్టుకుని గట్టు మీదికి పరిగెత్తాడు.

ఇక్కడ కాలం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. నడుస్తున్నప్పుడు కాళ్ళ కండరాలు బిగుసుకుంటూ, సడలుతూ రక్తాన్ని పైకి తోస్తుంటాయి. హార్నెస్‌లో కదలకుండా నిలువుగా వేలాడితే ఆ తోపు ఆగిపోతుంది. రక్తం కాళ్ళలో నిలిచి, గుండెకి తిరిగి వచ్చేది తగ్గి, మెదడుకి అందేది తగ్గుతుంది. మామూలుగా నిలబడి సొమ్మసిల్లినవాడు నేల మీద పడతాడు, పడుకోగానే రక్తం తలకి వస్తుంది. హార్నెస్ అతన్ని పడనివ్వదు. స్పృహ తప్పినా నిలువుగానే ఉంచుతుంది, అక్కడుంది ప్రమాదం. కొందరికి కొద్ది నిమిషాల్లోనే తల తిరుగుతుంది. ఫైర్ సర్వీస్ వస్తుందిలే అని కూర్చుంటే కుదరదు. 33 మీటర్లకి అందే నిచ్చెన బండి ఆ చుట్టుపక్కల లేదు, ఉన్నా తడి పొలంలోకి రాదు.

అందుకే పెద్ద రిగ్గర్ కిట్ తియ్యకముందే "కాళ్ళు ఆడించరా, స్ట్రాప్ లాగు" అన్నాడు. హార్నెస్‌కి రెండు పక్కలా చిన్న సంచుల్లో పట్టీలు ఉంటాయి. తీసి ఒకదానికొకటి తగిలిస్తే కాలు పెట్టి లేచి నిలబడటానికి మెట్టు అవుతుంది. కాళ్ళకి పని దొరుకుతుంది, తొడల మీద ఒత్తిడి తగ్గుతుంది. కుర్రాడికి ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. రెండు పట్టీలు కలపడం ఒంటి చేత్తో చాలా కష్టమైంది. చివరికి ఎడమ పట్టీనే మెలిపెట్టి కాలు దూర్చుకున్నాడు. అది కూడా మేలే చేసింది.

ఈలోగా పైన స్లింగ్ కట్టడం అయిపోయింది. టవర్ కాలు, బ్రేసింగ్ కలిసే ముడి దగ్గర కట్టాడు, ఒంటి బ్రేసింగ్ మీద కాదు. ఇద్దరి బరువు వచ్చినా తట్టుకోవాలి కదా. డిసెండర్, తాడు, పుల్లీ సెట్టు దానికి తగిలించి, తాను రెండు హుక్కులతో కిందికి దిగి, సాగే కర్రతో కుర్రాడి వీపు రింగుకి తాడు కొస హుక్ తగిలించాడు. అదే హుక్‌కి సన్నటి తాడు ఒకటి కట్టి కింద మాకు వదిలాడు. తర్వాత పుల్లీతో ఒక జానెడు పైకి లాగాడు. ల్యాన్యార్డ్ వదులైంది. టవర్ వైపు ఉన్న దాని హుక్ విప్పాడు. ఇప్పుడు బరువంతా రెస్క్యూ తాడు మీద ఉంది.

కత్తి ప్రసక్తి లేదని గమనించండి. ల్యాన్యార్డ్ కోసేస్తే సరిపోతుంది కదా అని ట్రైనింగ్‌లో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. బరువు మీద బిగిసిన తాడు కత్తి తాకితే చాలు తెగుతుంది. కంగారులో ఆ కత్తి ఏ తాడుకి తాకుతుందో ఎవరు చెప్పగలరు? లేపి విప్పగలిగే ఏర్పాటు ఉన్నప్పుడు కత్తి సంచిలోనే ఉండాలి.

దించేటప్పుడు సన్న తాడు పట్టుకుని నేను, గట్టు మీద నుంచి తిరిగి వచ్చిన టెక్నీషియన్ బయటికి లాగుతూ నిలబడ్డాం. యాంగ్లర్ టవర్ పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. పైనుంచి నిట్టనిలువుగా దించితే మనిషి కిందికొచ్చేకొద్దీ టవర్ ముఖానికే తగులుతాడు, విరిగిన భుజం ప్రతి బ్రేసింగ్‌కీ కొట్టుకుంటుంది. కింద ఆ తాడు పట్టేవాళ్ళు లేకుండా దించడం మొదలుపెట్టకూడదు.

పడిన క్షణం నుంచి నేల తాకేవరకు పదకొండు, పన్నెండు నిమిషాలు పట్టింది.

నేల మీద

ఈ భాగం గురించి ఇప్పటికీ వాదనలు జరుగుతున్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. వేలాడిన మనిషిని వెంటనే పడుకోబెట్టకూడదని, అరగంట కూర్చోబెట్టే ఉంచాలని, లేకపోతే కాళ్ళలోని రక్తం ఒక్కసారి గుండెకి వెళ్ళి చనిపోతాడని చాలా ఏళ్ళు నేర్పారు. కొన్ని క్లాసుల్లో ఇంకా నేర్పుతున్నారు. బ్రిటన్‌లో పని భద్రత చూసే హెచ్ఎస్ఈ 2009లో ఈ విషయం మీద ఉన్న ఆధారాలన్నీ పరిశీలింపజేసింది. కూర్చోబెట్టడానికి తగిన ఆధారం లేదని, మామూలు ప్రథమ చికిత్సే చెయ్యాలని తేలింది. రక్తం అందని మెదడున్న మనిషిని కూర్చోబెడితే ఆ మెదడుకి ఇంకా అందదు. ఇది నా గట్టి అభిప్రాయం, నా దగ్గర నేర్చుకున్న ప్రతి టీమ్‌కీ చెబుతాను: పడుకోబెట్టండి, ఊపిరి చూడండి, మెడ కదలనివ్వకండి.

మేం అదే చేశాం. కాళ్ళ పట్టీలు వదులు చేశాం, హెల్మెట్ తియ్యలేదు. అతను పాలిపోయాడు, చెమటలు పట్టాయి, వాంతి వచ్చేలా ఉందన్నాడు. కొద్దిసేపటికి ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. 108 వచ్చాక వాళ్ళకి మూడు మాటలు చెప్పాను: ఎంత ఎత్తు పడ్డాడు, ఎంతసేపు వేలాడాడు, ఎక్కడ దెబ్బ తగిలింది. రెండోది మనం చెప్పకపోతే ఎవరూ అడగరు. డాక్టర్‌కి అది చాలా అవసరం, ఎందుకంటే ఎక్కువసేపు వేలాడి కండరాలు నలిగితే ఆ వ్యర్థాలు కిడ్నీల మీద పడతాయి. మూత్రం, రక్తం పరీక్షలు చేశారు, తేడా ఏమీ రాలేదు. కిడ్నీ జబ్బు ఇంటింటినీ తాకిన ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం అది. పరీక్షల్లో తేడా లేదన్న మాట విన్నాకే అతని తల్లి కూర్చుంది. కుడి కాలర్ బోన్ విరిగింది, మోకాలు వాచింది. మిగతా అంతా బాగానే ఉంది.

ఎందుకు పడ్డాడు

క్లాంప్ నట్టు ఊడటం కారణం అని రిపోర్టులో రాసి మూసెయ్యొచ్చు. తుఫాను తర్వాత నట్లు ఊడతాయి. అది ఆ రోజుల్లో ఏ టవర్ ఎక్కినా కనబడే సంగతే. అడగాల్సింది అతను ఆ రాడ్ మీద ఎందుకు కాలు పెట్టాడని.

ఒకటి, అతనికి భయం తగ్గింది. కొత్తగా ఎక్కేవాడు ప్రతి బోల్టుని అనుమానంగా చూస్తాడు, చేతులు నొప్పి పుట్టేలా పట్టుకుంటాడు. కొన్నాళ్ళకి పట్టు సడలుతుంది, ఎత్తు బాగుంటుంది, గాలి బాగుంటుంది. ఈ పని ఇష్టపడనివాడు ఇందులో నిలవడు. కాబట్టి ఆ ఇష్టాన్ని నేను తప్పు పట్టను. దాన్ని చంపాలని చూసే సేఫ్టీ ఆఫీసర్ల మాట రిగ్గర్లు వినరు కూడా. కానీ ఆనందం పొంగిన నిమిషాలు ఏవో తెలుసుకోవాలి. గురి కుదిరిన వెంటనే, పని అయిపోయిందన్న ఊపులో, దిగేముందు వచ్చే చిన్న పనుల్లో కాళ్ళు దగ్గరి దారి వెతుకుతాయి. ఈ కేసు జరిగింది సరిగ్గా అప్పుడే. ఇప్పుడు మా టీమ్‌లలో లింకు కుదరగానే ఇద్దరూ రెండు హుక్కులూ వేసుకుని, హార్నెస్‌లో వెనక్కి వాలి, నీళ్ళు తాగి, కాసేపు చుట్టూ చూస్తారు. ఆ సంబరం అక్కడే కానిస్తారు. తర్వాతే టైలు.

రెండోది డబ్బు. రిగ్గర్లకి రోజు కూలి కాకుండా సైటుకి ఇంత అని ఇచ్చే కాంట్రాక్టులు చాలా ఉన్నాయి. ఆ రోజు వీళ్ళు కూడా అలాగే ఒక సబ్ కాంట్రాక్టర్ కింద ఉన్నారు. మధ్యాహ్నానికి ఇంకో సైటు ముట్టుకుంటేనే ఆ రోజు గిట్టుబాటు. నాలుగుసార్లు హుక్ మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. సైటు లెక్కన పని చేసేవాడికి ప్రతి రెండు నిమిషాలూ తన జేబులోంచే పోతాయి. తుఫాను తర్వాత పైనుంచి లింకు ఎప్పుడు లేస్తుందని గంటగంటకీ ఫోన్లు, ఆ టెన్షన్ వేరే. ఈ రేటు పద్ధతి మారనంత కాలం ట్రైనింగ్ సగమే పనిచేస్తుందని నేను రిపోర్టులో రాశాను. ఆ పేరా చివరి కాపీలో లేదు. అందుకే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఏది కాపాడింది

హుక్ ఛాతీ ఎత్తులో ఉండటం. దీన్ని లెక్క వేసి చూపిస్తాను. అతని పాదాలకి నాలుగు మీటర్ల కింద విశ్రాంతి ప్లాట్‌ఫామ్ రెయిలింగ్ ఉంది. నిజంగా జరిగిన పడటంలో పాదాలు దాదాపు రెండున్నర మీటర్లు దిగాయి. అదే హుక్ పాదాల దగ్గర వేసి ఉంటే ఖాళీగా పడేది మూడు మీటర్లకి పైనే, దానికి షాక్ అబ్జార్బర్ సాగేది ఒక మీటర్ దాకా కలుస్తుంది. రెయిలింగ్‌కి కాళ్ళు విరిగేవి, లేదా ఇంకా ఘోరం జరిగేది. తాడు, అబ్జార్బర్, హార్నెస్ అన్నీ అవే. మారేది హుక్ వేసిన ఎత్తు ఒక్కటే.

షాక్ అబ్జార్బర్ రెండోది. యూరప్ ప్రమాణం ప్రకారం అది ఒంటి మీద పడే బలాన్ని 6 కిలోన్యూటన్లు దాటనివ్వకూడదు, అంటే సుమారు ఆరు వందల కిలోల బరువంత. అదీ చిన్న దెబ్బేమీ కాదు. అబ్జార్బర్ లేని ఉత్త తాడుతో, నడుం బెల్టుతో ఎక్కేవాళ్ళు ఇంకా కనిపిస్తున్నారు. ఇంతే దూరం పడితే ఆ నడుం ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పడినప్పుడు వాడిన హార్నెస్, ల్యాన్యార్డ్ మళ్ళీ వాడకూడదు. పైకి బాగానే కనిపిస్తాయి, లోపల దారాలు సాగి ఉంటాయి. స్టోర్ నుంచి హార్నెస్ తిరిగి ఇచ్చెయ్యమని కబురు వచ్చింది. పట్టీలన్నీ ముక్కలుగా కోసి ఇచ్చాం. కొయ్యకుండా ఇస్తే అది ఏదో ఒక రోజు ఇంకో కుర్రాడి వీపు మీద ఉంటుంది.

తర్వాత మార్చినవి

ఒంటి చేత్తో పట్టీలు కలపలేకపోయాడు కాబట్టి, ఒక్క లాగుడుకి మెట్టులా జారే రకం కొనిపించాం. డిష్ సపోర్ట్ రాడ్‌లకి ఎర్ర టేపు చుట్టాం, కాలు పెట్టొద్దని గుర్తు. తుఫాను తర్వాత మొదటిసారి ఎక్కేటప్పుడు పని సామాను లేకుండా ఎక్కి, చేత్తో తట్టి నట్లన్నీ చూసుకుని దిగడం ఒక విడి పనిగా పెట్టాం, దానికి విడిగా డబ్బులు ఇప్పించాం. డబ్బులు ఇప్పించాకే అది నిజంగా జరగడం మొదలైంది.

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది డ్రిల్ మీద. ఇసుక బస్తాలతో 80 కిలోల బొమ్మ చేసి, టవర్ మీద కట్టి, పదిహేను నిమిషాల్లో దించాలని పెట్టాం. కిట్ కొని సంవత్సరాలైన టీమ్‌లు మొదటిసారి గంటకి కూడా దించలేకపోయాయి. తాడు చిక్కు పడింది, డిసెండర్‌లో తాడు తిరగేసి పెట్టారు, సాగే కర్ర లాక్ తుప్పు పట్టి కదల్లేదు. సముద్రం ఒడ్డున ఉప్పు గాలి మూసిన సంచిలోకి కూడా పోతుంది. కిట్ ఉందా అని అడిగే చెక్‌లిస్టుకి అందరూ టిక్ పెడతారు. పోయిన నెలలో దీనితో ఎవర్ని దించారో చెప్పండి అని అడగాలి.

ఒక చోట ఈ పద్ధతి చాలదు. ఊళ్ళల్లో ఇప్పుడు ఎక్కువగా వేస్తున్న మోనోపోల్స్ ఒంటి స్తంభాలు. పైన ఇద్దరు పక్కపక్కన నిలబడే చోటు ఉండదు. పడినవాడికి పైన స్లింగ్ కట్టడానికి ముడి కూడా ఉండదు. అక్కడ మేం మొదటివాడు ఎక్కగానే తలకి పైన పుల్లీ వేయించి, తాడు రెండో కొస కింద డిసెండర్‌కి కట్టి ఉంచుతున్నాం. పైవాడు పని చేసినంతసేపూ ఆ తాడు అతని హార్నెస్‌కే ఉంటుంది, ఏదైనా జరిగితే కింద నుంచే దించొచ్చు. దీనికి స్తంభం ఎత్తుకి రెండింతలకి పైగా తాడు కావాలి, కింద ఒక మనిషి చెయ్యి ఆ డిసెండర్ మీద నుంచి తియ్యకూడదు. ఆ మనిషి ఖాళీగా కూర్చున్నాడు కదా అని కేబుల్ అందించమని పిలిచే సూపర్‌వైజర్లు ఉన్నారు. మా సైట్లలో డిసెండర్ దగ్గర ఉన్నవాణ్ని వేరే పనికి పిలిస్తే పని ఆపి పైవాణ్ని దించెయ్యడం రూల్. అలా ఆగిన సైట్లు ఉన్నాయి, ఆలస్యానికి నేను జవాబు చెప్పుకుంటున్నాను.